సెంటర్లో సీసీ కెమెరాలకు ప్రభుత్వ నిధులు: కొనే డబ్బు కాదు, నడిపే డబ్బు ముందు అడగండి

మీరు అడిగింది ఇదీ. నెల్లూరు జిల్లా కావలి ట్రంకు రోడ్డులో, ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల బైకులు పోతున్నాయి, రాత్రిళ్లు షట్టర్లు వంచుతున్నారు. వ్యాపారుల సంఘం తరఫున 40 సీసీ కెమెరాలు పెట్టించాలనుకుంటున్నారు. మున్సిపాలిటీ ఇస్తుందా, ఎంపీ నిధులు వస్తాయా, చందాలే గతా అన్నది మీ ప్రశ్న. నేను నెల్లూరులో, ఒంగోలులో మున్సిపల్ ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వీధి దీపాలతో పాటు కెమెరా స్తంభాల కరెంటు కూడా మేమే చూసేవాళ్లం. ఆ అనుభవంతో చెప్తున్నాను.

కెమెరాలు కొనడానికి డబ్బు దొరుకుతుంది. గట్టిగా తిరిగితే ఒకటికి రెండు దారులున్నాయి. దొరకనిది వాటిని నడిపే డబ్బు. కరెంటు బిల్లు, నెట్ బిల్లు, రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిన బ్యాటరీలు, హార్డ్ డిస్కులు, నిచ్చెన వేసుకుని అద్దం తుడిచే మనిషి జీతం: ఇవి ఎవరి పద్దులోంచి అనే మాట తేలకుండా మొదలైన ప్రాజెక్టు ఏదైనా రెండో వానాకాలం దాటడం కష్టం. మా రెండు జిల్లాల్లో నేను చూసిన చాలా ఊళ్లలో కథ ఒకటే. ప్రారంభోత్సవానికి డీఎస్పీ గారొస్తారు, రిబ్బను కట్ చేస్తారు, పేపర్లో ఫొటో పడుతుంది. ఏడాదిన్నర తర్వాత గొలుసు తెంచుకుపోయారని ఎవరో స్టేషన్‌కి పోతే, "కెమెరా ఉంది సార్, రికార్డింగే లేదు" అంటారు.

ఒక ఊళ్లో (పేరు వద్దు) అలా ఆగిపోయిన స్తంభం ఒకటి నాచేత తెరిపించారు. జంక్షన్ బాక్సు తలుపు తుప్పుతో బిగుసుకుపోతే స్క్రూడ్రైవర్ పెట్టి లాగాల్సి వచ్చింది. లోపల నెట్‌వర్క్ స్విచ్చు మీద చీమలు పుట్ట పెట్టినాయి, బ్యాటరీ ఉబ్బి డబ్బా పగిలింది, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్చు) పడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. ఎంసీబీ పైకెత్తడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం పని ఎవరిదో ఏ కాగితంలోనూ రాసి లేదు. పోలీసులు మున్సిపాలిటీ స్తంభం అన్నారు, మున్సిపాలిటీ వాళ్లు పోలీసుల కెమెరా అన్నారు, పెట్టినవాడి వారంటీ అయిపోయింది. పైన కెమెరా ముందు ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆ కెమెరా పనిచేసినన్నాళ్లూ చూసింది ఆ ఫ్లెక్సీ వీపునేమో.

ఇక డబ్బు దారులు. మొదటిది మున్సిపాలిటీ సొంత నిధులు, అంటే జనరల్ ఫండ్. ఇంటి పన్ను, ట్రేడ్ లైసెన్సులు, షాపుల అద్దెల నుంచి వచ్చేది. నడిపే ఖర్చుకు నికరంగా నిలబడే పద్దు నాకు తెలిసి ఇదొక్కటే. అందుకే కెమెరాలు ఎవరు కొనిచ్చినా సరే, నిర్వహణ మాత్రం జనరల్ ఫండ్ నుంచి అని కౌన్సిల్ తీర్మానం ఉండాలి. కౌన్సిల్ లేని కాలమైతే స్పెషల్ ఆఫీసర్ ఉత్తర్వు ఉండాలి. కమిషనర్ గారు మాటగా ఒప్పుకుంటే చాలదు. ఆయన బదిలీ అయిన రోజున ఆ మాట కూడా బదిలీ అయిపోతుంది.

రెండోది ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం లెక్కలో (2021–26) మన సైజు పట్టణాలకు వచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతమే స్థానిక అవసరాలకు వదిలింది. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు అది కూడా వాడకూడదు. కాబట్టి మీ కెమెరాలు అలా వదిలిన భాగంలో డ్రైన్లతో, సిమెంటు రోడ్లతో పోటీ పడాలి. వార్డు కౌన్సిలరుకు తన వీధి కాలువ ముందా, సెంటర్లో కెమెరా ముందా అంటే ఏం చెప్తాడో మీకూ తెలుసు. అది తప్పని కూడా నేననను. గ్రాంటులో ఇప్పుడు విడిగా వాడుకోదగ్గ మొత్తం ఎంత మిగిలిందో మున్సిపల్ ఇంజనీరును ముందే అడిగి, ఆ అంకెకు తగ్గట్టు ఎస్టిమేటు వేయించుకోండి.

మూడోది ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీల నియోజకవర్గ అభివృద్ధి నిధులు. ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా కలెక్టర్. కీలకమైన చోట్ల సీసీ కెమెరాలు పెట్టడానికి ఈ నిధులు అడగొచ్చు. ఏర్పడిన ఆస్తి ప్రభుత్వానిదవుతుంది. అందులో అందరూ చదవకుండా సంతకం పెట్టే షరతు ఒకటుంది: ఆ ఆస్తిని వాడుకునే సంస్థ నిర్వహణ బాధ్యత తనదేనని ముందే రాసివ్వాలి. మీ సంఘం దరఖాస్తుతో పాటు మున్సిపాలిటీ ఇచ్చిన ఆ హామీ పత్రం కూడా జత చేస్తే ఫైలు కదలడం తేలికవుతుంది. లేదంటే కలెక్టరేట్‌లో ఆ ఒక్క కాగితం కోసమే నెలలు పోతాయి.

నాలుగోది కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. కృష్ణపట్నం వైపు పోర్టు ఉంది, థర్మల్ ప్లాంట్లున్నాయి, నూనె ఫ్యాక్టరీలున్నాయి కదా అని చాలామంది అటు పరుగెత్తుతారు. చట్టమే తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మంటుంది, అందుకని వాళ్లు ముందు ముత్తుకూరు వైపు పల్లెలనే చూస్తారు. పైగా ఏయే పనులకు పెట్టొచ్చో చెప్పే షెడ్యూల్ 7లో సీసీ కెమెరాలనే మాట ఎక్కడా లేదు. ఏదో ఒక అంశం కింద ఒప్పించాలి, అది ఆ కంపెనీ బోర్డు ఇష్టం. ప్రయత్నించండి, ఆశ మాత్రం పెట్టుకోకండి. ప్రకాశం జిల్లాలో చీమకుర్తి లాంటి చోట్ల గ్రానైటు గనుల వల్ల జిల్లా ఖనిజ నిధి ఉంటుంది, కానీ అందులో పెద్ద భాగం తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి వాటికే పోవాలి. మీకది వర్తించదు.

కేంద్రం సేఫ్ సిటీ పథకం గురించి కూడా రాశారు. అది హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి 8 మహానగరాలకు ఆడవాళ్ల భద్రత కోసం పెట్టిన నిర్భయ నిధి నుంచి ఇచ్చింది. స్మార్ట్ సిటీల జాబితాలో నెల్లూరు లేదు, ఒంగోలు లేదు. వాటి పేరు చెప్పి మీ దగ్గరికెవరైనా కన్సల్టెంటు వస్తే కాఫీ ఇచ్చి పంపండి.

మీ చుట్టుపక్కల రాష్ట్ర ప్రభుత్వ కేబుల్ నెట్ సంస్థ ఫైబర్‌నెట్ ద్వారా ప్రభుత్వం పెట్టిన నిఘా కెమెరాల స్తంభాలు ఇప్పటికే ఉన్నాయేమో ముందు లెక్క తీయండి. కొత్త 40 కంటే పాతవాటిలో ఆగిపోయినవి బాగుచేయించడం చాలా చవక. స్తంభం ఉంది, కేబుల్ దారి ఉంది, మీటరు ఉంది. డీఎస్పీ ఆఫీసులో అడిగితే ఏవి పనిచేస్తున్నాయో, ఏవి లేవో జాబితా దొరుకుతుంది. వీలైతే ఆ జాబితా పట్టుకుని రాత్రి ఎనిమిదింటికి మీరే ఒక రౌండు వేసి చూడండి.

40 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో మీరు రాయలేదు. సాధారణంగా అమ్మేవాడి కొటేషన్ నుంచి వస్తుంది. సెంటరు మొత్తం కనపడాలని అందరూ కెమెరాను ఎత్తైన స్తంభానికి కట్టించి ఒక్కదానితోనే నాలుగు రోడ్లూ పట్టిద్దామంటారు. లెక్క చూడండి. 4 మెగాపిక్సెల్ కెమెరాలో బొమ్మ వెడల్పు 2,560 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు). తెలియని మనిషి ముఖాన్ని గుర్తు పట్టాలంటే మీటరుకు 250 పిక్సెళ్లు కావాలని అంతర్జాతీయ ప్రమాణం. అంటే ఆ కెమెరా ముఖం పట్టేది దాదాపు 10 మీటర్ల వెడల్పు వరకే. 40 మీటర్ల సెంటరు మొత్తం చూపించమంటే మీటరుకు 64 పిక్సెళ్లు వస్తాయి. అందులో ఎవరో ఒకడు బైకు తీసుకుపోతున్నాడని తెలుస్తుంది. ఎవడన్నది తెలీదు.

అందుకని సెంటరు నడిమధ్యను వదిలేసి ఊళ్లోంచి బయటికి పోయే దారుల మీద పెట్టండి. ట్రంకు రోడ్డు రెండు కొనలూ, ఉదయగిరి రోడ్డు, స్టేషన్ రోడ్డు, ఇలాంటి మిగతా దారులూ. బైకు ఎత్తుకున్నవాడు ఎక్కడ ఎత్తుకున్నా వీటిలో ఏదో ఒకదాని మీదుగా పోవాల్సిందే. ఒక్కో దారిలో ఒకటి ముఖానికి, ఒకటి నంబరు ప్లేటుకు. ముఖం కెమెరా మరీ ఎత్తులో వద్దు, పైనుంచి చూస్తే టోపీ, హెల్మెట్ మాత్రమే కనిపిస్తాయి. నంబరు ప్లేటు కెమెరా వేరు. రాత్రి హెడ్‌లైటు వెలుగులో మామూలు కెమెరాకు తెల్లటి మరక తప్ప ఏమీ రాదు, దానికి షట్టర్ వేగం ఎక్కువుండాలి, అద్దం చిన్న వెడల్పు మీదే నిలవాలి. ఈ లెక్కన మీ ఊరికి మంచివి 14, 16 చాలు. మిగిలిన డబ్బు దీపాలకు, ఏఎంసీకి (ఏటేటా నిర్వహణ ఒప్పందానికి) పెట్టండి.

దీపాలంటే గుర్తొచ్చింది. బ్రిటన్లో 1990లలో ప్రభుత్వం పట్టణ సెంటర్లలో కెమెరాలకు విపరీతంగా డబ్బిచ్చింది. 1994 నుంచి 1999 మధ్య పోటీ పెట్టి 585 పథకాలకు 3 కోట్ల 85 లక్షల పౌండ్లు, ఆ తర్వాత మరో విడతలో 17 కోట్ల పౌండ్లు. కొనడానికి డబ్బు లండన్ నుంచి వచ్చింది, తెరల ముందు కూర్చునే మనుషుల జీతాలు మాత్రం ఊరి కౌన్సిళ్ల మీద పడ్డాయి. 2010 తర్వాత బడ్జెట్లు కోసేసరికి చాలా ఊళ్లు ఆ మనుషులను తగ్గించాయి. వాళ్ల హోం ఆఫీసే 2005లో అచ్చేసిన అధ్యయనంలో చాలా పథకాల్లో నేరం తగ్గిన దాఖలా కనపడలేదు. 2019లో 40 ఏళ్ల పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్షలో సగటున 13 శాతం తగ్గుదల తేలింది. అందులో ఎక్కువ ఫలితం వాహనాలు నిలిపే చోట్లే. కొట్లాటల మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. అదే పరిశోధకుల్లో కొందరు వీధి దీపాలు మెరుగుపరిచిన చోట్లను విడిగా లెక్కగడితే నేరాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. అవి బయటి దేశాల లెక్కలు, మన బజారుకు అచ్చంగా అతకవు. అయినా బస్టాండు పక్కన బైకులు పెట్టే చోటు చీకటిగా ఉంటే, మీ మొదటి దరఖాస్తు ఎల్‌ఈడీ దీపాల కోసం ఉండాలని నా గట్టి అభిప్రాయం. దీపానికి నిర్వహణ పద్దు ప్రతి మున్సిపాలిటీలో ముందునుంచే ఉంది. దాని కింద కెమెరా కూడా బాగా చూస్తుంది.

నడిపే ఖర్చు ఎలా లెక్కేయాలో చెప్తాను, ఎందుకంటే దీన్ని మీరే వేసి కాగితం మీద పెడితే ఆఫీసులో ఎవరూ కాదనలేరు. ఒక స్తంభం మీద రెండు కెమెరాలు, నెట్‌వర్క్ స్విచ్చు, చిన్న యూపీఎస్ కలిపి 50 వాట్లనుకోండి. 24 గంటలు, 30 రోజులకు 36 యూనిట్లు. 8 స్తంభాలకు నెలకు 288 యూనిట్లు. మన జిల్లాలో కరెంటిచ్చే ఎస్‌పీడీసీఎల్ మీటరు ఎవరి పేరు మీదో ముందే తేల్చుకోండి. వీధి దీపాల సర్వీసు నుంచి తీగ లాగితే పగలు స్విచ్ ఆపగానే కెమెరా కూడా ఆగుతుంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి, నవ్వుకోవద్దు. రికార్డింగుకు, ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపితే రోజుకు 21 జీబీ పైచిలుకు, నెలకు 650 జీబీ దాకా. 16 కెమెరాలకు 30 రోజులంటే 10 టెరాబైట్లకు (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ) పైనే. కొటేషన్లో ఒకటే 4 టీబీ డిస్కు రాసి "30 రోజుల బ్యాకప్" అని ఉంటే ఆ లెక్క తప్పు. అడిగితే సరిచేస్తారు, అడక్కపోతే పన్నెండో రోజుకల్లా పాత రికార్డింగు చెరిగిపోతుంది.

టెండరులో కొనుగోలు, ఐదేళ్ల నిర్వహణ కలిపే పిలవమని అడగండి. డబ్బు మొత్తం మొదట్లోనే ఇచ్చేయకుండా కొంత భాగం మూడు నెలలకోసారి, ఎన్ని కెమెరాలు ఎన్ని రోజులు రికార్డు చేశాయో చూసి ఇచ్చేలా రాయించండి. ఫ్లెక్సీ అడ్డమొస్తే, చెట్టు కొమ్మ పెరిగితే ఇన్ని గంటల్లో తీయాలని కూడా రాయాలి. మనది తీరప్రాంతం. ఉప్పుగాలికి మామూలు ఇనుప డబ్బా రెండేళ్లు ఆగదు. 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను చూశాం కదా. స్తంభానికి గాల్వనైజ్ చేసిన పైపు, డబ్బా నేలకు బాగా ఎత్తులో, పిడుగుకు సరైన ఎర్తింగ్. ఇంకో సంగతి, 2025 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు కేంద్ర ఐటీ శాఖ చెప్పిన భద్రతా పరీక్ష తప్పనిసరైంది. ఆ సర్టిఫికెట్ లేని పాత సరుకు తక్కువ రేటుకు అంటగడతారు, దగ్గర పడనీయొద్దు.

ఫుటేజీ కోర్టులో నిలవాలంటే ఇంకో శ్రద్ధ కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్లో ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే గుర్తు) రాయాలి, పరికరం ఎవరి ఆధీనంలో ఉందో ఆ మనిషి సంతకం ఒకటి, నిపుణుడి సంతకం ఒకటి ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేస్తే అయిపోలేదు. అందుకే రికార్డరు ఎవరి ఆధీనంలో అన్నది పేరుతో సహా రాసుండాలి. రికార్డరు గడియారం నెట్ ద్వారా సరిగ్గా నడిచేలా పెట్టించండి. గడియారం పావుగంట తేడాగా ఉంటే, అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

చందాల సంగతి. చందాలతో కెమెరాలు కొనొద్దని చెప్పను. కానీ సంఘం డబ్బుతో కొన్న కెమెరా రోడ్డు మీద జనాన్ని చూస్తుంది. ఆ తెర సంఘం ఆఫీసులోనో, ప్రెసిడెంటు గారి కొట్లోనో ఉండడం అస్సలు సరికాదు. కాలేజీ పిల్లలు బస్సు దిగి నడిచిపోయే దారి అది. ఎవరు ఎవరితో మాట్లాడారో వాట్సాప్ గ్రూపులోకి ఎక్కితే ఒక ఆడపిల్ల చదువు ఆగిపోతుంది, ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. రికార్డరు పోలీసుల దగ్గరే ఉండాలి, ఎవరు ఎప్పుడు ఏ కారణంతో చూశారో రిజిస్టరులో రాయాలి, 30 రోజులు దాటినవి కేసుకు అవసరం లేకపోతే చెరిగిపోవాలి. మేడ మీద ఇళ్ల కిటికీలు పడే భాగాన్ని కెమెరాలోనే నల్లగా మూసే వీలుంది, దాన్ని పెట్టించండి.

సంఘం డబ్బు మీ కొట్ల లోపలికి, మీ మెట్ల దాకా పెట్టుకోండి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ఒకేసారి 100 మందీ ఆపైన జనం చేరే షాపులు, ఆసుపత్రులు, కాలేజీలు, గుళ్లు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టాలని, 30 రోజుల రికార్డింగు దాచాలని, పోలీసులు అడిగితే ఇవ్వాలని చెప్తుంది. మీ బజారులో పెద్ద బట్టల షాపులు, కల్యాణ మండపాలు ఇది పాటిస్తే రోడ్డు మీద సర్కారు పెట్టాల్సినవి ఇంకా తగ్గుతాయి. చిన్న కొట్టువాళ్ల మీద మాత్రం ఒత్తిడి తేవద్దు. తోపుడుబండి ఆయన్ని కూడా చందా అడిగిన సంఘాలను చూశాను, మనసుకు కష్టమనిపించింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది: దరఖాస్తులో "40 కెమెరాలు మంజూరు చేయండి" అనే వాక్యం తీసేయండి. దాని బదులు మొదటి పేరాలో ఐదేళ్ల మొత్తం ఖర్చు, కొనుగోలు ఎంత, నడపడం ఎంత, జీఎస్టీ 18 శాతంతో సహా రాయండి. రెండో పేరాలో మీటరు ఎవరి పేరున, రికార్డరు ఎవరి ఆధీనంలో, ఫిర్యాదు ఎవరికి అనేది. పోలీస్ స్టేషన్‌లో గడిచిన ఏడాది ఏ నెలలో, ఏ చోట, ఏ వేళ బైకులు పోయాయో ఫిర్యాదుల తేదీలు అడిగి జత చేయండి, పేర్లు అక్కర్లేదు. ఒక కాపీ కమిషనర్‌కు, ఒకటి డీఎస్పీకి, ఎంపీ ఆఫీసుకు మూడోది. ట్రంకు రోడ్డు నుంచి బస్టాండు దాకా చేత్తో గీసిన మ్యాపు మీద స్తంభాలు, వెలగని దీపాలు గుర్తులు పెట్టి ఇక్కడ పెట్టండి. ఏ దారికి ఏ కెమెరా, ఎంత ఎత్తులో అన్నది చూసి చెప్తాను.